పెద్దవాలు మీద చినుకు

తెల్లకొండ అడవిలో దేవదారు చెట్లు దట్టంగా ఉండేవి. ఎలుగుబంట్లు, నక్కలు, కస్తూరి జింకలు అక్కడ కాపురముండేవి. అడవి అంచున పారే ఏటి ఒడ్డున ఏడు నీటికుక్కల కుటుంబాలు ఉండేవి. చలికాలంలో మంచు పేరుకోగానే అవన్నీ కొండకు వెళ్లి, పొట్ట మీద పడుకుని వాలు వెంట కిందికి జారి ఆడుకునేవి.

వాటికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ఎంత ఎత్తు నుంచి జారాలనుకుంటే అంత ఎత్తూ తమ కాళ్లతోనే ఎక్కాలి. పిల్లలను ఎవరూ వీపు మీద మోసుకెళ్లకూడదు.

ఆ ఏడు కుటుంబాల్లో సోమన్నంత వేగంగా జారేవాడు లేడు. అతని కూతురు చినుకు ఎండాకాలంలో పుట్టింది. మంచు అంటే ఏమిటో దానికి ఇంకా తెలియదు.

తొలి మంచు పడిన రోజే సోమన్న ప్రయాణానికి ఏర్పాట్లు మొదలుపెట్టాడు. ఎండు చేపలు మూటగట్టాడు. గాలి ఎటు వీస్తుందో కస్తూరి జింకను అడిగి వచ్చాడు. దారిలో ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో కూడా నిర్ణయించాడు. కనిపించిన ప్రతివారితోనూ, "మా చినుకు ఈ ఏడు కొండ మీది పెద్దవాలు నుంచే జారుతుంది. వచ్చి చూడండి," అన్నాడు.

భార్య గౌరమ్మ విని, "అడవంతా చాటి వచ్చారు, బాగానే ఉంది. దాన్ని అడిగారా?" అంది.

"దాన్ని అడిగేదేమిటి? అదెవరి కూతురనుకున్నావు!"

సోమన్న అక్క మంగక్క కూడా కొడుకు బొద్దును తీసుకుని బయలుదేరింది. "ఒరే తమ్ముడూ, మొదటి ఏడు కొండ కింది దిబ్బ చాలురా. మావాడు అక్కడే ఆడుకుంటాడు," అంది.

"మీవాడి పొట్టకు ఆ దిబ్బే ఎక్కువలే అక్కా."

"పొట్ట ఉన్నవాడికి పడ్డా దెబ్బ తగలదులేరా," అని మంగక్క నవ్వింది.

కొండ దగ్గరకు చేరేసరికి మిగతా కుటుంబాలన్నీ వచ్చి ఉన్నాయి. బొద్దు దిబ్బ ఎక్కాడు, జారాడు, బోర్లా పడ్డాడు. మూతినిండా మంచుతో లేచి మళ్లీ ఎక్కాడు. ఎలా ఒంగితే ఎటు తిరుగుతామో, తోకను ఎలా అదిమితే ఆగుతామో మంగక్క పక్కనే ఉండి చెప్పింది.

చినుకు ఆశగా చూసింది. "నాన్నా, నేనూ అక్కడికే వెళ్తా."

"అది పసిపిల్లల దిబ్బ. అందరూ మనకోసమే చూస్తున్నారు, పద."

చినుకు పెద్దవాలు ఎక్కడం మొదలుపెట్టింది. కాస్త దూరం వెళ్లేసరికి అలసిపోయి కూర్చుండిపోయింది. కింద నుంచి ఎవరో, "ఏం సోమన్నా, ఇవాళ్టికి అవుతుందా?" అని కేకవేశారు. నలుగురు నవ్వారు.

సోమన్న చెవులు వేడెక్కాయి. కూతుర్ని వీపు మీదకు ఎత్తుకుని పైకి నడిచాడు. కింద నుంచి గౌరమ్మ వద్దని అరిచింది. గాలిలో ఆ మాట అతనికి వినిపించలేదు.

వాలు సగంలో మంచు కింద ఒక బండ ఉంది. నడిచి ఎక్కిన ప్రతి పిల్లా దాన్ని చుట్టి వెళ్తుంది. అందుకే జారేటప్పుడు అక్కడ ఒంగాలని ఆ పిల్ల ఒంటికి గుర్తుంటుంది. చినుకు ఆ చోటును తండ్రి వీపు మీద దాటింది.

పైన నిలబడి చినుకు అడిగింది. "నాన్నా, ఆగడం ఎలా?"

"ఆగే పనేముంది? నేను ముందు వెళ్తా. నేను జారిన గీతలోనే వచ్చెయ్."

సోమన్న జారాడు. బండ దగ్గర అలవాటుగా ఒంగి పక్కకు తిరిగాడు. కిందికి చేరి, వెనక్కి తిరిగి చేతులు చాచాడు. చినుకు చక్కగా వస్తోంది. గీతలోనే వస్తోంది. "చూశారా!" అన్నాడు పక్కవాళ్లతో.

బండ దగ్గర గీత తిరిగింది. చినుకు తిరగలేదు.

నేరుగా వెళ్లి బండకు కొట్టుకుంది; ఆ చప్పుడు కిందివరకూ వినిపించింది. సోమన్న పరుగెత్తాడు. చినుకు వెనక కాలు మడతపడి ఉంది. అది ఏడవడం లేదు.

"నీ గీతలోనే వచ్చాను నాన్నా. అక్కడ తిరగడం రాలేదు," అంది.

గౌరమ్మ వచ్చి కూతుర్ని ఒళ్లోకి తీసుకుంది. మొగుణ్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని సోమన్నకు అనిపించింది.

కాలు అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. ఏట్లో ఈదితే ఆ కాలు చినుకును ఒక పక్కకు లాగేస్తుంది. చేప దొరికేలోపు మిగతా పిల్లలు తిని వెళ్లిపోతారు. రోజూ సోమన్న ఒక చేప తెచ్చి దాని ముందు పెడతాడు.

బొద్దు ఆ చలికాలమంతా దిబ్బ మీదే గడిపాడు. మరుసటి ఏడు పెద్దవాలు తన కాళ్లతో ఎక్కాడు. బండ దగ్గర చక్కగా ఒంగి, కిందికి వచ్చి, తోక అదిమి ఆగాడు. అందరూ అతన్ని మెచ్చుకున్నారు.

చినుకు దిబ్బ పక్కన కూర్చుని చూసింది. "బావ బాగా జారాడు కదూ? నువ్వూ వెళ్లు నాన్నా. నేనిక్కడే ఉంటాలే."

సోమన్న వెళ్లలేదు. కూతురి కాలి మీద పడుతున్న మంచును దులుపుతూ అక్కడే కూర్చున్నాడు.

నీతి: పిల్లలకు ఎంత వచ్చో చూసి ముందుకు నడిపించాలి. మన గొప్ప కోసం తొందరపెడితే దెబ్బ తగిలేది వాళ్లకే.