మైలన్న మెడ మీద మోపు

కొండవార చేను జంతువులదే. దున్నుకునేదీ, పండించుకునేదీ, పోట్లాడుకునేదీ అన్నీ అవే. అక్కడ బరువు పనులన్నీ ముసలి ఎద్దు మైలన్నవి.

ఒకనాడు నక్క వచ్చి నాగలీ, విత్తే గొర్రూ, బొక్కెనా, దాన్ని బావిలోకి దించే మోకూ అన్నీ కలిపి అడవితీగలతో ఒకే మోపుగా బిగించింది.

"దీని పేరు సర్వార్థసాధని! ఇదొక్కటుంటే చాలు మావా, అన్ని పనులూ అయిపోతాయి," అంది మైలన్నతో.

ఆ ముడులు విప్పడం నక్కకు తప్ప ఎవరికీ రాదు. ఏది కావాలన్నా నక్కనే పిలవాలి, పిలిచినప్పుడల్లా లేత జొన్నకంకులు పెట్టాలి.

కడివెడు నీళ్లకు కూడా మైలన్న మోపంతా ఈడ్చుకెళ్లేవాడు. పాపం, మెడ పుండైంది. మేక లచ్చవ్వ ఆ పుండు నాకుతూ కళ్లనీళ్లు పెట్టుకునేది.

"ఇట్టాగే మోస్తే వానల దాకా బతకవు మైలన్నా."

"నలుగురి పని గదమ్మా," అనేవాడు.

ఓ సాయంత్రం నక్క కంకులు మెక్కి, నీళ్లు తాగబోయి, కాలుజారి బావిలో పడింది.

"మావా! మోకు వెయ్యి మావా!"

మైలన్న పరుగున మోపు ఈడ్చుకొచ్చాడు. బావిగట్టు దగ్గర అది రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. లచ్చవ్వ బావిలోకి వంగింది.

"మోకు ఎక్కడ పెట్టావు అల్లుడూ?"

"నాగలి కింద... కాదు, గొర్రు వెనక... గుర్తులేదత్తా! మోకొక్కటీ లాగండి!"

"ఒక్కటెట్టా వస్తుంది? అన్నీ ఒకటి చేసింది నువ్వే గదా!"

నక్క ఓసారి మునిగి తేలింది.

"ముడి విప్పడం రాదు గానీ, తీగ నమలడం నాకొకరు నేర్పాలా!" అంటూ లచ్చవ్వ కసకసా కొరికేసింది. మోపు విడిపోయి మోకు బయటపడింది. ఓ కొస నక్క నోట కరుచుకుంది, రెండో కొస మైలన్న మెడకు తగిలించుకుని లాగాడు.

గట్టెక్కిన నక్క మోకు వంక చూసింది. దాని నిండా నెత్తురు.

"ఈ పుండు ఎప్పుడైంది మావా?"

"నువ్వు మోపు కట్టినప్పుడే," అంది లచ్చవ్వ. "మోసేవాడికే తెలుసు కావడి బరువు."

నక్క తల దించుకుంది.

మర్నాడు కొట్టంలో పనిముట్లన్నీ దేని కొయ్యకు అది వేలాడాయి, బొక్కెన కొయ్య ఒక్కటే కొట్టాల్సి ఉంది.

"బొక్కెనకైనా గంగాప్రవాహిని అని పేరు పెడదామా అత్తా?" అంది నక్క.

"నీళ్లు తోడేది బొక్కెన. నోరుమూసుకుని ఆ కొయ్య దిగ్గొట్టు."

ఒక్క కంకైనా అడక్కుండా నక్క దిగ్గొట్టింది.

మైలన్న బొక్కెనా మోకూ తగిలించుకుని బావికి బయల్దేరాడు. నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి చూశాడు.

"ఏమన్నా మరిచిపోయానా లచ్చవ్వా?"

"ఏం లేదు, నడువు మైలన్నా," అంది లచ్చవ్వ.

దేని చోటు దానికీ, దేని పేరు దానికీ ఉంటే, మోసేవాడి మెడ బతుకుతుంది.