నాలుగో సంతనాటి ఖాళీ చోటు

అనగనగా ఒకవైపు ఏరు, ఒకవైపు ఎడ్లబాట ఉన్న ఒక పేట. దాని పేరు కొండ్రపేట. ఆ పేటలో వారానికో సంత జరిగేది. సంతలో చోటు దొరికితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగినట్టే.

అయితే చోటు ఊరికే ఇచ్చేవారు కాదు. దానికో కట్టుబాటు ఉండేది.

కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళు మూడు సంతలు అక్కడ కూర్చుని అమ్ముకోవచ్చు. నాలుగో సంతనాడు మాత్రం అమ్మకూడదు. ఆ చోటు ఖాళీగా ఉంచాలి. పొద్దు వాలేలోగా ముగ్గురు వెతుక్కుంటూ వచ్చి, "ఇక్కడ కూర్చునే మనిషి ఏరీ?" అని అడగాలి. అడిగితే ఆ చోటు వాళ్ళకి శాశ్వతం. అడగకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్ళీ అడగడానికి వీల్లేదు.

ఆ పేటలో పేరిందేవి అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త సాంబయ్య బండి తోలేవాడు. ఒక వానాకాలం అతను ఏరు దాటుతుంటే వరద పైకొచ్చింది. బండి పోయింది. ఎడ్లు పోయాయి. సాంబయ్య ఒక్కడే ఒడ్డు పట్టుకుని బయటపడ్డాడు.

మనిషి దక్కాడు గానీ మాట దక్కలేదు. అరుగు మీద కూర్చునేవాడు. బాటకేసి చూడకుండా గోడకేసి చూసేవాడు. ఆ ఇంట్లో ఎవరూ బండి మాట ఎత్తేవారు కాదు. పేరిందేవి ఎత్తనిచ్చేది కాదు. వాన చప్పుడు వింటే ఆమెకే నిద్ర పట్టేది కాదు. అతని సంగతి చెప్పాలా?

ఇద్దరు ఆడపిల్లలు. గాదెలో గింజలు అడుగంటాయి. పొరుగూరి నుంచి పేరిందేవి అన్న కబురు పంపాడు.

"పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యండి. మీ వదినకి ఒక్కతికీ వంట కుదరడం లేదు."

కబురులో ప్రేమ ఉంది. వంటమనిషి కోసం వెతుకులాట కూడా ఉంది.

పేరిందేవి బాగా ఆలోచించింది. "మూడు సంతలు చూస్తాను. చోటు దక్కకపోతే వస్తాం," అని తిరిగి కబురు పెట్టింది.

ఆమె చేతి పులిహోర అంటే పేటంతా ఇష్టమే. పెళ్ళిళ్ళకి పిలిచి మరీ కలిపించుకునేవారు. అదే అమ్ముదామనుకుంది. కానీ వ్యాపారం ఎప్పుడూ చేసింది కాదు. తెలిసినవాళ్ళని అడిగి మొదలుపెడదామని, ముందుగా నూనె వర్తకుడు కామయ్యశెట్టి దగ్గరికి వెళ్ళింది.

"చూడమ్మా," అన్నాడు శెట్టి, గానుగ పక్కన నిలబడి. "సరుకు ఎప్పుడూ నిండుగా కనపడాలి. అడుగంటిన కుండ దగ్గర ఎవడూ ఆగడు. నా కొట్లో ఎప్పుడైనా సగం కుండ చూశావా?"

"లేదు శెట్టిగారూ."

"అదీ కిటుకు!"

పేరిందేవి మొదటి సంతకి గంగాళం నిండా పులిహోర కలిపింది. పొద్దున బాగానే పోయింది. ఎండెక్కింది. అన్నం ఎండిపోయి పలుకులు పలుకులైంది. సగానికి పైగా మిగిలింది. కాకులు దిగాయి.

పక్కన చీపుళ్ళు అమ్మే సూరమ్మ నవ్వింది. "కాకులు మాత్రం మెచ్చుకుంటున్నాయమ్మోయ్, వినపడుతోందా?"

పేరిందేవి కాకుల్ని తోలింది. గంగాళం నెత్తికెత్తుకుని ఇంటికి నడిచింది. దారిలో ఆమెకి తట్టింది. మిగిలిన నూనె రేపు కూడా నూనే. మిగిలిన అన్నం రేపటికి అన్నం కాదు.

రెండో సంతకి ముందు బట్టల వర్తకుడు గవరయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన అప్పుడే ఒకావిడ ముందు చీరల గుట్ట పరిచి ఉన్నాడు.

"రకాలుండాలి తల్లీ, రకాలు!" అన్నాడు. "ఈవిణ్ణే చూడు. ఆ మూల చీర నచ్చిందని నాకు పొద్దున్నే తెలుసు. అయినా ఇవన్నీ విప్పితేగానీ కొనదు. ఏమ్మా, కొంటావా?"

"ఆ ఆకుపచ్చది కూడా విప్పు బాబూ," అందావిడ.

రెండో సంతకి పేరిందేవి అయిదు రకాలు తెచ్చింది. చింతపండు పులిహోర, నిమ్మకాయది, దబ్బకాయది, కొబ్బరన్నం, దధ్యోజనం. తలో చిన్న గిన్నెలో సర్దింది. జనం మూగారు. "అది కాస్త రుచి చూడనీ, ఇది కాస్త పెట్టు," అన్నారు. ఒకాయన అయిదూ రుచి చూసి, కడుపు నిండిందని తేనుస్తూ వెళ్ళిపోయాడు.

బండ్లవాళ్ళు మాత్రం విసుక్కున్నారు. "ఏదో ఒకటి కట్టివ్వమ్మా! ఎడ్లు ఎండలో ఉన్నాయి." వాళ్ళడిగిన చింతపండు పులిహోర కొందరికి కట్టేసరికే అయిపోయింది. మిగతావి అలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం పెద్దపిల్ల అడిగింది. "అమ్మా, మామయ్య వాళ్ళ ఊరు ఎంత దూరం?"

"ఎందుకు?"

"ఊరికే."

పేరిందేవి పిల్ల జడ విప్పి, మళ్ళీ అల్లింది.

ఇంక ఒక్క సంతే మిగిలింది. తెల్లారి సంత అంచునున్న ఉప్పు మంగమ్మ గుడిసెకి వెళ్ళింది. మంగమ్మ ఆ సంతకి పెద్ద. చోటు ఎవరికివ్వాలో తేల్చేది ఆవిడే. చిన్నప్పుడు నెత్తిన ఉప్పు బుట్టతో వచ్చి, ఇప్పుడు వరసగా ఉప్పు కొట్లు నిలబెట్టిన మనిషి.

"అత్తా, నాకో సలహా చెప్పు," అంది పేరిందేవి.

"చెప్పనే," అంది మంగమ్మ. "నేనమ్మేది ఉప్పు. ఉప్పు నాకు నేర్పిన పాఠం నీ అన్నానికి పనికొస్తుందని ఎవరు చెప్పారు?"

"శెట్టిగారు చెప్పారు, గవరయ్యగారు చెప్పారు. ఇద్దరి మాటా విన్నాను. రెండుసార్లూ మునిగాను."

"వాళ్ళేమీ అబద్ధం చెప్పలేదు పిల్లా. వాళ్ళ సరుకుకి అది నిజం. సరే గానీ, నీ దగ్గర ఎక్కువగా కొన్నదెవరు?"

"బండ్లవాళ్ళు."

"కొని ఏం చేస్తున్నారు?"

"తింటున్నారు."

"నువ్వు చూశావా?"

పేరిందేవి తల అడ్డంగా ఊపింది. చూడలేదు.

"చూసి రా మరి. ఇక్కడ కూర్చుంటే నీకు నా మొహమే కనపడుతుంది."

బండ్లు ఆగే మజిలీ ఏటి ఒడ్డున ఉంది. వరద వచ్చాక పేరిందేవి అటు కాలు పెట్టలేదు. నీళ్ళ వాసన తగలగానే ఒక్క క్షణం ఆగింది. కొంగు బిగించుకుని నడిచింది. వెళ్ళేసరికి ఒక ఎద్దు తలొంచుకుని ఏదో తింటోంది. విస్తరాకులో ఉన్నది ఆమె పులిహోరే.

అక్కడున్నది అంకన్న. సాంబయ్యతో కలిసి బండి తోలినవాడు. ఆమెని చూసి గబుక్కున లేచాడు.

"వదినా! అదీ... ఎడ్లక్కూడా మీ చేతివంట ఇష్టమే."

"ఎద్దు సంగతి సరే. నువ్వెందుకు తినలేదు మరిదీ? నిజం చెప్పు. నేనేమీ అనుకోను."

అంకన్న తల గోక్కున్నాడు. "రుచికి వంక లేదు వదినా. కానీ నిన్న కొన్నది ఇవాళ తినలేకపోయాం. అన్నం పాచిపోయింది. మేం ఆగిన చోట పొయ్యి పెట్టి వేడన్నం వండుకుంటాం. బియ్యం బస్తాల మీద కూర్చుని పోయేవాళ్ళం, మాకు అన్నం కరువా? అందులోకి ఏమీ ఉండదు. రోజూ ఉప్పూ, ఎండుమిరపకాయే."

"మరెందుకు కొన్నారు?"

"మీరు కదా అమ్మేది!" అన్నాడు అంకన్న. తర్వాత గొంతు తగ్గించాడు. "సాంబయ్యన్న వచ్చే రోజుల్లో వేరు. అన్న బండికి ఒక ఎండు సొరకాయ బుర్ర వేలాడేది. మీరు కాచిచ్చిన పులిహోర పులుసు అందులో ఉండేది. వేడన్నంలో అందరికీ తలో గరిటెడు వేసేవాడు. ఆ రోజుల్లో మేం మజిలీ ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళం."

పేరిందేవి ఇంటిదారి పట్టింది.

బండ్లవాళ్ళకి ఏం కావాలో తెలుసుకోవడానికి ఆమె నూనె కొట్టుకి వెళ్ళింది. బట్టల కొట్టుకి వెళ్ళింది. ఇంట్లో, అరుగు మీద, ఒక బండివాడు కూర్చునే ఉన్నాడు. అతన్ని మాత్రం అడగలేదు.

ఇంటికొచ్చి అతని ఎదురుగా కూర్చుంది. అడగాలంటే భయమేసింది. అయినా అడిగింది.

"ఏమయ్యా, నేను కట్టిచ్చిన పులుసు నీకు ఎన్నాళ్ళొచ్చేది?"

సాంబయ్య గోడకేసే చూస్తున్నాడు. ఇక పలకడనుకుని ఆమె లేవబోయింది.

"పోయి వచ్చేదాకా," అన్నాడు.

ఆమె మళ్ళీ కూర్చుంది.

"తడి తగలకూడదు," అన్నాడు మళ్ళీ. "నూనె పైకి తేలేదాకా ఉడకాలి. నువ్వు అట్టాగే కాచేదానివి. మట్టి పిడతల్లో పోస్తే బండి కుదుపులకి పగులుతాయి. సొరబుర్రలు కావాలి. పొగలో బాగా ఆరినవి." ఆమె వైపు తిరిగాడు. "నన్ను ముందే అడగొచ్చుగా?"

"అడిగితే బాధపడతావని..."

"అడక్కపోతే పడటం లేదనుకున్నావా?"

పేరిందేవి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ వారమంతా ఇద్దరూ పనిలోనే ఉన్నారు. అతను సొరబుర్రలు దొలిచి, కడిగి, అటక కింద పొగలో వేలాడదీశాడు. ఆమె చింతపండు నానేసి, పిప్పి తీసి, మెంతులు, ఆవాలు వేయించి కొట్టి, సన్నసెగ మీద కాచింది. ఎవరికి అమ్మాలో ముందే అనుకున్నారు. ఎన్ని బండ్లు వస్తాయో అన్నే బుర్రలు నింపారు. మిగిలినా పాడవదు. ఆ ఒక్క ధైర్యం కొత్తగా ఉంది.

మూడో సంతనాడు కామయ్యశెట్టి వచ్చి చూసి ఆశ్చర్యపోయాడు.

"అన్నం ఏదమ్మా?"

"అన్నం అమ్మట్లేదు శెట్టిగారూ. పులుసే."

"పులుసు ఒక్కటీ కొని నాక్కుంటారా? పిచ్చిదానివే!"

సూరమ్మ చీపుళ్ళు దులుపుతూ అంది. "ఈసారి కాకులక్కూడా ఏమీ లేదు పాపం."

ఊళ్ళోవాళ్ళు తొంగి చూసి వెళ్ళిపోయారు. సాయంత్రం అంకన్న వచ్చాడు. అతనితో బయల్దేరే బండ్లవాళ్ళు తలో బుర్రా తీసుకుని బండికి వేలాడగట్టుకున్నారు. ఆ రోజు బేరం అంతే. మిగతావి ఇంటికి చేరాయి.

బండ్లు కదిలాక పేరిందేవికి అసలు సంగతి స్ఫురించింది. అవి సముద్రపు రేవుకి వెళ్ళే బండ్లు. వచ్చే సంతకి తిరిగి రావు. పులుసు కొన్నవాళ్ళెవరూ నాలుగో సంతనాడు పేటలో ఉండరు. ఇక తనని అడిగేదెవరు?

ఆ రాత్రి వాన లేదు. అయినా ఆమెకి నిద్ర పట్టలేదు.

నాలుగో సంత వచ్చింది. కట్టుబాటు ప్రకారం పేరిందేవి మంగమ్మ గుడిసెలో, తడిక వెనక కూర్చుంది. కనపడకూడదు. పలకకూడదు. తడిక సందులోంచి తన చోటు చూస్తోంది. చుట్టూ గోల. మధ్యలో చాపంత ఖాళీ నేల.

పొద్దున పూలమ్మే ఒకావిడ వచ్చింది. పేరిందేవి తడికకి దగ్గరగా జరిగింది.

"ఈ చోటు ఖాళీయేనా? వచ్చే సంత నుంచి నాకిస్తారా?" అందావిడ.

మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చి ఆగాడు. అటూ ఇటూ చూశాడు. చెప్పులో ముల్లు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఎండ దిగింది. బుట్టలు సర్దేస్తున్నారు. ఇంటికెళ్ళి మూట కట్టాలి అనుకుంది పేరిందేవి. పిల్లలకి ఎలా చెప్పాలో మనసులోనే మాటలు పేర్చుకుంటోంది.

అప్పుడు బాట మీద దుమ్ము లేచింది. రేవు నుంచి వచ్చే బండ్లు. అన్నీ కొత్త మొహాలు. ముందు బండిలోంచి ఒక పొడుగాటి మనిషి దూకి, సంత మధ్యలోకి వచ్చి కేకేశాడు.

"సొరబుర్రల్లో పులుసు ఇచ్చే అక్క ఎక్కడ కూర్చుంటుంది?"

మంగమ్మ లేచి నిలబడింది. "ఎవరు నాయనా నువ్వు? ఆమెని ఎప్పుడైనా చూశావా?"

"చూళ్ళేదమ్మా. నడిమి మజిలీలో మీ పేట బండ్లు ఎదురొచ్చాయి. అందరం ఒక్కచోటే వండుకున్నాం. అంకన్న అని ఒకాయన నా అన్నంలో కాస్త పులుసు వేశాడు. ఇంకాస్త అడిగితే బుర్ర వీపు వెనక దాచేసుకున్నాడు!"

సంతంతా గొల్లున నవ్వింది.

"నాకూ అంతే చేశాడు," అంటూ రెండో బండివాడు దిగాడు. "ఏదీ ఆమె? చీకటి పడితే ఏరు దాటలేం."

"ఏరీ ఆ అక్క? మా ఇంటిదానికి కూడా ఒకటి కావాలి," అన్నాడు మూడోవాడు.

కామయ్యశెట్టి ముందుకొచ్చాడు. "మంగమ్మా, ఇదెక్కడి లెక్క? కొన్నవాళ్ళు రాలేదు. వీళ్ళు ఇక్కడ ఎప్పుడూ ఏమీ కొనలేదు."

"కట్టుబాటులో కొన్నవాళ్ళని లేదు శెట్టీ. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళనే ఉంది," అంది మంగమ్మ. తడిక పక్కకి తోసింది. "బయటికి రావే పిల్లా. ఆ చోటు నీది."

పేరిందేవి బయటికి వచ్చింది. ముందు కళ్ళు తుడుచుకుంది. తర్వాత చిన్నపిల్లని ఇంటికి పరిగెత్తించింది. కాసేపటికి సాంబయ్య కావడి మీద బుర్రలు మోసుకుంటూ వచ్చాడు. అమ్మేందుకు వచ్చే సంతదాకా ఆగాలన్నాడు గవరయ్య. తేల్చాక ఆగనక్కర్లేదంది మంగమ్మ. బుర్రలన్నీ బండ్లకెక్కాయి.

జనం పలచబడ్డాక కామయ్యశెట్టి దగ్గరికొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, ఈమధ్య నా ఆముదం సరిగ్గా పోవడం లేదు. నువ్వేమంటావు? నాకేదైనా సలహా చెప్పు."

పేరిందేవి నవ్వింది. వరద తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"నన్నెందుకు అడుగుతారు శెట్టిగారూ? మీ ఆముదం కొనేవాళ్ళ ఇళ్ళకెళ్ళి చూసి రండి."

కాబట్టి పిల్లలూ, వ్యాపారం పెట్టేటప్పుడు అనుభవం ఉన్నవాళ్ళ మాట వినండి. కానీ మీ సరుకు ఎవరికోసమో వాళ్ళ మాట అంతకంటే ముందు వినండి.