అడగొద్దన్నందుకు అడగని కంప్యూటర్

చీరాలలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో, ఎవరైనా మజ్జిగ ఇచ్చినా వాసన చూసి గానీ తాగని అనుమానపు మనిషి కోదండపాణి కంప్యూటర్ ఆపరేటరుగా ఉండేవాడు. పనిలో మాత్రం ఘనుడే. మౌసు ముట్టకుండా మీటలతోనే పేజీలు కట్టేసేవాడు. సంగీతం పుస్తకాల్లో స్వరాల పైనా కిందా వచ్చే చుక్కలు అతనిలా పెట్టేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

ఒకనాడు యజమానురాలు భ్రమరాంబగారు కొత్త కంప్యూటర్ కొన్నారు. అప్పుడే టైపు నేర్చుకున్న స్రవంతిని పనిలో పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్ తెరవగానే పెద్ద పెద్ద బొమ్మలు కనిపించేవి. ఏ ఫైలు తీసేయబోయినా "నిజంగా తీసేయమంటారా?" అని అడిగేది. తీసేసినవాటిని చెత్తబుట్టలో దాచి ఉంచేది. పాణికి కావలసినవి మాత్రం ఎక్కడో అడుగున పడి ఉండేవి.

'ఓహో, పసిపిల్లలు కూడా నడిపేలా ఉందే! నన్ను సాగనంపడానికే తెచ్చారన్నమాట' అనుకున్నాడు పాణి. ఆ రోజే బొమ్మలన్నీ తీసేశాడు. ప్రశ్న మాన్పించాడు. చెత్తబుట్ట కూడా ఎత్తేశాడు.

మర్నాడు స్రవంతికి తెర మీద ఏమీ కనబడలేదు.

"బాబాయ్‌గారూ, బొమ్మలేవండీ?"

"పని వచ్చినవాళ్ళకి బొమ్మలెందుకమ్మా?"

"పోనీ, కంప్యూటర్ మీ పేరు కొడితే ఒకలా, నా పేరు కొడితే ఒకలా తెరుచుకునేలా పెట్టుకుందామండీ. మీ మీటలు మీకుంటాయి, నా బొమ్మలు నాకుంటాయి."

బంగారంలాంటి మాట. కానీ అనుమానం పెనుభూతం కదా! వేరే పేరెందుకట, నా వెనక ఏం చేద్దామనట అని మనసులో గొణుక్కుని, "అక్కర్లేదు" అన్నాడు. పాపం ఆ పిల్ల మీటలన్నీ కాగితం మీద రాసుకుని తంటాలు పడుతూ నేర్చుకుంది.

కొన్నాళ్ళకు నాదస్వర విద్వాంసుడు కాశిం సాహెబుగారి స్వరాల పుస్తకం వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి, జన్మకంతా ఒకటే పుస్తకం. ఆదివారం సన్మాన సభలో ఆవిష్కరణ. పాణి పేజీలు కట్టి, జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచమెక్కాడు.

శుక్రవారం మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే, తన 'అసలు ఫైనల్' పక్కన 'ఇదే ఫైనల్' అని ఇంకొకటి ఉంది. ప్రెస్సుల్లో ఫైనళ్ళకు అంతూపొంతూ ఉండదు. అయినా పాణికి ఒళ్ళు మండింది. స్రవంతి భోజనానికి వెళ్ళింది. 'నా కష్టాన్ని తన పేరున చెప్పుకుందామనే' అని తీసేసే మీట నొక్కాడు. కంప్యూటర్ ఏమీ అడగలేదు. అడగొద్దని చెప్పింది తనే కదా!

స్రవంతి వచ్చి చూసి నీరుగారిపోయింది.

"సాహెబుగారు నాలుగు రోజులు పక్కన కూర్చుని, పాడి దిద్దించారండీ. రెండు వందల తప్పులు. కాగితం మీద ఒక్కటీ లేదు. పోనీ, చెత్తబుట్టలో ఉంటుందిగా?"

ఆ బుట్టను ఎత్తేసిందీ పాణే.

ఆదివారం సభలో అట్ట మాత్రమే ఆవిష్కరించారు. లోపల తెల్లకాగితాలున్న ఆ పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని సాహెబుగారు ఫొటోకు నిలబడ్డారు. వెనక వరసలో పాణి సిగ్గుతో తల దించుకున్నాడు.

మర్నాడు పాణి ఆయన ఇంటికి వెళ్ళి, "తప్పు నాదండీ, అమ్మాయిది కాదు" అని ఒప్పుకున్నాడు. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, మళ్ళీ వచ్చి పాడారు. స్రవంతి దిద్దింది, పాణి చుక్కలు పెట్టాడు. అంతకుముందే కంప్యూటర్లో రెండు పేర్లు పెట్టాడు. తన దాంట్లో మీటలు, ఆమె దాంట్లో బొమ్మలు. ప్రశ్ననూ చెత్తబుట్టనూ రెండింట్లోనూ ఉంచాడు.

"అవి మీకెందుకు బాబాయ్‌గారూ?" అంది స్రవంతి.

"నాకే ఎక్కువ కావాలమ్మా. నా చెయ్యి మరీ వేగం" అన్నాడు పాణి.

కొత్తవారికి సులువు కావాలి, పనితెలిసినవారికి స్వేచ్ఛ కావాలి. ఒకరికిస్తే ఇంకొకరికి పోతుందని అనుమానించేవాడు ఇద్దరి పనీ చెడగొడతాడు.