పగిలిన కాగితపు బుట్ట

అనగనగా గోదావరి లంకలో ఒక ఊరు, అమ్మలూ. ఆ ఊళ్ళో అప్పాజీ అని ఒకాయనకి చిన్న కిరాణా కొట్టుండేది. ఆయన భార్య విషజ్వరంతో పోయింది. ఆవిడ పోయినప్పటి నుంచీ ఏడేళ్ళ కూతురు వరాలు నోరు విప్పలేదు.

ఏడాది తిరిగాక అప్పాజీ మంగతాయారుని చేసుకున్నాడు. ఆవిడ పెడితే వరాలు తినేది, జడ వేస్తే వేయించుకునేది. మాట మాత్రం లేదు. ఇలాగే ఉంటే దసరా వెళ్ళాక పిల్లని మేనత్త దగ్గర దింపేస్తానన్నాడు అప్పాజీ. తను అడుగుపెట్టిన ఇంట్లోంచి పిల్ల వెళ్ళిపోవడమేమిటని మంగతాయారు కుమిలిపోయింది.

ఒకనాడు పెట్టెలో చిరిగిన చీర కనపడితే, పిల్లకి గుడ్డబొమ్మ కుడదామని కత్తెర తీసింది. అప్పుడు వరాలు పరుగున వచ్చి ఆ చీర లాక్కుని గుండెలకి హత్తుకుంది. అది వాళ్ళమ్మది. మంగతాయారు కత్తెర కింద పెట్టేసింది. తెలియక చేశానమ్మా అని చెప్పి, చీర మడిచి పిల్ల చేతికే ఇచ్చింది. ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు.

ఆ తర్వాత తాటాకులు చీల్చి చిలకని అల్లింది. బాగానే వచ్చింది. వరాలు దాన్ని ముట్టుకోలేదు.

ఇంక పిల్ల కోసమని ఏదీ చెయ్యకూడదనుకుంది. కొట్లో పోగుపడ్డ పాత పేపర్లు చింపి కుండలో నానేసింది. బాగా నానాక, నానబెట్టిన మెంతులు కలిపి రోట్లో మెత్తగా రుబ్బింది. బోర్లించిన గిన్నె మీద తడిగుడ్డ పరిచి, దాని మీద ఆ గుజ్జు మెత్తి ఎండలో పెట్టింది. పప్పులు పోసుకోవడానికి బుట్ట అవుతుంది కదా అని. ఎండేసరికి అది నిలువునా పగిలింది.

ఆ ముక్కలు చూస్తూ మంగతాయారు పెరట్లో చతికిలబడింది. ఈ ఇంట్లో తన చేత్తో ఏదీ అతకదేమో అనిపించింది. అప్పుడు వెనకనుంచి బొంగురు గొంతు వినిపించింది.

"మెంతులు చాల్లేదు. మా అమ్మ ఇంకా వేసేది."

వెనక్కి తిరిగితే ఆ గొంతు మళ్ళీ మూగబోతుందేమోనని భయమేసింది ఆవిడకి. చూపు ముక్కల మీదే ఉంచింది.

"ఎన్ని వేసేదో చూపిస్తావా, తల్లీ?"

వరాలు లోపలికెళ్ళి దోసిలి నిండా మెంతులు తెచ్చింది. ముక్కలన్నీ మళ్ళీ నానేశారు. నానాక ఇద్దరూ కలిసి రుబ్బారు. రుబ్బుతూ ఉండగా పిల్లకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళదీ ఒక్కసారే వచ్చింది. మంగతాయారు ఊరుకోమనలేదు. గుజ్జు చేతులతోనే దగ్గరికి తీసుకుని, మీ అమ్మ ఇంకా ఏమేం చేసేదో చెప్పమంది. వరాలు వెక్కుతూనే చెప్పింది. అప్పుడే కొట్టు నుంచి వచ్చిన అప్పాజీ, కూతురి గొంతు విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. మేనత్త ఊసు మళ్ళీ ఎత్తలేదు.

బుట్ట కాస్త వంకరగా వచ్చింది కానీ, పగల్లేదు. వరాలు దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చింది.

"పిన్నీ, దీన్ని ఎక్కడ పెడదాం?"

నీ ఇష్టమమ్మా అంది మంగతాయారు. పిల్ల భుజం మీద చెయ్యేసి లోపలికి నడిచింది.

కథేమో కంచి దారి పట్టింది,
కంటికేమో కునుకు పట్టింది.