ముందుగంట ఎవరి మెడకు?

అనగనగా ఒక అడవిలో ఒక పాత బాట ఉండేది. అడవి పేరు మాత్రం అడగకండి. చెప్పానని తెలిస్తే అక్కడి జంతువులు నా మీదికి తగువుకొస్తాయి.

ఆ బాట కింద చింతతోపులో మొదలై, బండల మధ్య మెలికలు తిరిగి, ఒక వాగు దాటి, కొండ మీది దోన దాకా పోయేది. దోన అంటే రాతిలో నీళ్ళు నిలిచే గుంట. నడివేసవిలో కూడా అందులో నీళ్ళు తగ్గేవి కావు. జంతువులకు అదే గుడి, అదే దేవుడు. తాతల కాలంలో ఏడాదికోసారి అడవంతా తెల్లవారుతూనే బయలుదేరి, దోనలో మునిగి, చీకటి పడకముందే ఇల్లు చేరేది. ఆ నడక మరీ కష్టమూ కాదు, మరీ సులువూ కాదు. దారి పొడుగునా నీడకు రాతి మండపాలు, దాహానికి ఊటలు ఉండేవి.

తర్వాత కొండ చుట్టూ తారురోడ్డు పడింది. కోతులు లారీల మీదెక్కి దోనకు పోయి రావడం మరిగాయి. వాటిని చూసి మిగతావి నడక మానేశాయి. లారీ ఎక్కలేనివి భక్తి మానేశాయి.

ఆ అడవిలో ముళ్ళవ్వ అని ఒక ముసలి ముళ్ళపంది ఉండేది. ఎప్పుడో ఉచ్చులో పడి ఆమె వెనక కాలు ఒకటి వంకరపోయింది. తనవాళ్ళంటూ మిగిలింది మనవరాలు చిట్టి ఒక్కతే. పోయిన చలికాలంలో చిట్టికి జ్వరం తగిలి కళ్ళు తెరవలేదు. ముళ్ళవ్వ కొండ వైపు తిరిగి దండం పెట్టింది. పిల్ల బతికితే పాత బాటన నడిపించుకొచ్చి దోనలో స్నానం చేయిస్తానని మొక్కుకుంది. పిల్ల బతికింది.

ఇక మొక్కు తీర్చాలి. వానలు పడితే వాగు పొంగుతుంది, మళ్ళీ ఏడాది దాకా దారి ఉండదు. అప్పటికి తాను ఉంటానో లేదో అని ముళ్ళవ్వ దిగులు. పోనీ ఇద్దరే పోదామంటే, దారిలో ఇరుకు లోయలో ఒక దుమ్ములగొండి కాపురముంది. అది అవ్వను ముట్టుకోదు. ముళ్ళింకా గట్టిపడని చిట్టిని మాత్రం వదలదు.

అందుకని ఆమె నక్క జంబయ్య దగ్గరికి పోయింది. జంబయ్యను అడవికి పెద్దగా ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎవరూ కాదనలేదు కాబట్టి ఆయనే పెద్ద.

"నలుగురు తోడొస్తే నా మొక్కు తీరుతుంది నాయనా," అంది ముళ్ళవ్వ.

"నలుగురేందవ్వా, అడవంతా కదిలిస్తా. నువ్వు నిశ్చింతగా ఇంటికి పో," అన్నాడు జంబయ్య.

పాపం, ఆమె అడిగింది నలుగురిని. వచ్చింది ఒక సంఘం. జంబయ్య అధ్యక్షుడు, సంఘానికి సమావేశాలు.

మొదటి సమావేశంలో నడక మధ్యరకంగా ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. మధ్యరకమంటే ఎంత అన్న దగ్గర పేచీ వచ్చింది. ఒక్క ఊపిరిన ఉరికేదే మధ్యరకమని కుందేలు అంది. ఈ తేనెపట్టు నుంచి ఆ తేనెపట్టు దాకా పోయి పడుకునేది మధ్యరకమని ఎలుగుబంటి భల్లప్ప అన్నాడు. చివరికి తన నడకే మధ్యరకమని జంబయ్య తేల్చాడు. ముళ్ళవ్వ కుంటుకుంటూ వచ్చి చివర కూర్చునే ఉంది. నీ నడక ఎంత అని ఆమెను ఎవరూ అడగలేదు.

రెండో సమావేశం తిండి గురించి. ఒక్క రోజు నడకకు ఏమేం కావాలో భల్లప్ప చెప్పుకుంటూ పోయాడు. విన్నవాళ్ళకు ఆకలేసి సమావేశం మధ్యలోనే లేచిపోయారు.

మూడో సమావేశం ముందుగంట గురించి. తాతల నాటి ఇత్తడి గంట ఒకటి ఉండేది. పాత రోజుల్లో అందరికన్నా ముందు నడిచేవారి మెడలో దాన్ని కట్టేవారు. ఎవరికి కట్టేవారో, ఎందుకు కట్టేవారో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ముందు నడిచేవాడంటే గొప్పవాడే అయ్యుంటాడని అందరూ అనుకున్నారు. వేగంలో గొప్ప తనదేనని కుందేలు వాదించింది. మెడ లావు చూడమని భల్లప్ప అన్నాడు. వాదన రోజుల తరబడి సాగింది. గంట మాత్రం జంబయ్య బొరియలో ఉంది, కాబట్టి అది ఆయన మెడకే వచ్చింది.

ఆ గోల మధ్యలో ముళ్ళవ్వ లేచి, చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కుతున్నాయి, వాన దగ్గరపడింది అని చెప్పింది. జంబయ్య ఆమెకు ధన్యవాదాలు చెప్పాడు. చీమల సంగతి వచ్చే సమావేశంలో చూద్దామన్నాడు.

ఆ సాయంత్రమే కొండ అవతల ఉరిమింది. ఇక ఆగితే పరువు పోతుందని మర్నాడు బయలుదేరారు. సమావేశాలకు వచ్చినవాళ్ళలో నడకకు తేలింది మాత్రం ముగ్గురే. తెల్లవారుజామునే కదలాల్సింది, జంబయ్య ఉపన్యాసం ముగిసేసరికి ఎండెక్కింది. ముందు గంటతో జంబయ్య, ఆయన వెనక కుందేలు, ఆ వెనక తిండి తట్ట మోస్తూ భల్లప్ప. ఎలాగూ వెనకబడేవాళ్ళు మొదటినుంచీ వెనక ఉంటేనే పద్ధతిగా ఉంటుందని ముళ్ళవ్వనూ చిట్టినీ చివర పెట్టారు.

జంబయ్య తల పైకెత్తి గబగబా నడిచాడు. మొదటి మండపం వచ్చింది. గంట కట్టుకున్నవాడు కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారని ఆగలేదు. ఊట వచ్చింది. అప్పటికి దాహం లేదు, దాటిపోయాడు. దాహం వేసిన చోట ఊట లేదు. ఆయనను అందుకోబోయి కుందేలు రాళ్ళకు పాదాలు కోసుకుని చతికిలబడింది. భల్లప్ప బరువు తగ్గించుకుందామని తట్టలోదంతా తినేసి, ఆ బరువుతో కదల్లేక కూలబడ్డాడు. వెనక ముళ్ళవ్వ చెవికి గంట చప్పుడు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. తోడు కోసం అడవంతా కదిలించి, చివరికి తామిద్దరమే మిగిలామా అని ఆమెకు ఏడుపొచ్చింది. చిట్టికి కనబడకుండా ముఖం తిప్పుకుంది.

ఇరుకు లోయలోకి జంబయ్య ఒక్కడే గంట మోగించుకుంటూ దిగాడు. దుమ్ములగొండి నిద్ర లేచింది. గంట వినబడితే వెనక మంద ఉంటుందని దాని తాతలు చెప్పారు, అందుకని జాగ్రత్తగా తొంగి చూసింది.

"మందెక్కడ జంబయ్యా?" అని అడిగింది.

"వస్తా ఉండారు," అన్నాడు జంబయ్య.

"ఎప్పటికి?"

ఆ లెక్క ఏ సమావేశంలోనూ రాలేదు. జంబయ్య వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నాడు. ఎటు దూరినా గంట మోగుతోంది, అది మోగిన చోటికల్లా దుమ్ములగొండి వస్తోంది. ఆయనను చూసి కుందేలు పరిగెత్తింది. కుందేలును చూసి భల్లప్ప కూడా లేచి పరిగెత్తాడు. వాడు పరిగెత్తగలడని ఆ రోజే అందరికీ తెలిసింది.

ముళ్ళవ్వ అప్పుడే మొదటి మండపంలో కాసేపు కూర్చుని, ఊటలో నీళ్ళు తాగించి, చిట్టితో మెల్లగా వస్తోంది. ముగ్గురూ వచ్చి ఆమె వెనక దాక్కున్నారు. ఆమె దారికి అడ్డంగా తిరిగి ముళ్ళన్నీ నిక్కబొడిచింది. వెనక చిట్టి ఉంది కాబట్టి అంగుళం కదల్లేదు. దుమ్ములగొండి ముళ్ళను చూసింది, గంటను చూసింది, గుంపును చూసింది. గొణుక్కుంటూ వెనక్కి పోయింది.

జంబయ్యకు ఆ క్షణం నుంచి గంటంటే వెగటు పుట్టింది. గబగబా విప్పి, ఈ గౌరవం పెద్దదానివి నీకే తగునని పలుకుతూ ముళ్ళవ్వ మెడకు కట్టేశాడు.

"గౌరవం సంగతి ఇంటికి పోయినాక చూసుకుందాం నాయనా. వాగు పొంగకముందే దాటాల, నా వెనకాలే రాండి," అంది ముళ్ళవ్వ.

ఇప్పుడు ఆమె ముందు. ఆమెను దాటిపోయే ధైర్యం ఎవరికీ లేదు. చివర ఉండే ధైర్యం అంతకన్నా లేదు. అందుకని ఒకరినొకరు ఒరుసుకుంటూ నడిచారు, జంబయ్య ముక్కుకు ముళ్ళు గుచ్చుకుంటున్నా దూరం జరగలేదు. లోయలో దుమ్ములగొండి గుహలోంచి బయటికే రాలేదు. విచిత్రం చూడండి, ముళ్ళవ్వ నడకన పోతుంటే కాళ్ళు లాగే వేళకు సరిగ్గా ఒక మండపం వచ్చేది. గొంతు తడారే వేళకు సరిగ్గా ఒక ఊట వచ్చేది.

"ఈ మండపాలు ఇందాక కూడా ఈడనే ఉన్యాయా?" అని భల్లప్ప అడిగాడు.

"ఉన్యాయి," అన్నాడు జంబయ్య.

"మరి మనకెందుకు పనికిరాలేదు?"

తాతలు ఆ మండపాలను నక్క నడకతో కొలిచి కట్టలేదు. మందలో అందరికన్నా మెల్లగా నడిచే కాలుతో కొలిచి కట్టారు. ఆ కాలే ముందు నడిచేది, ఆ మెడకే గంట కట్టేవారు.

వాగులో అప్పటికే ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. భల్లప్ప నీళ్ళకు అడ్డంగా నిలబడితే, వాడి జుట్టు పట్టుకుని మిగతావాళ్ళు దాటారు. వాడు తిన్న తిండి అప్పుడు పనికొచ్చింది. పొద్దు వాలకముందే దోన చేరారు. ముళ్ళవ్వ చిట్టిని నీళ్ళలో ముంచి లేపింది. చల్లటి నీళ్ళకు చిట్టి కిలకిలా నవ్వింది. కళ్ళు తెరవని పిల్ల ముఖం చలికాలం నుంచీ అవ్వ గుండెలో ఉండిపోయింది. ఆ నవ్వుతో అది చెరిగిపోయింది. ముళ్ళవ్వ దోన ఒడ్డున కూర్చుని తనివితీరా ఏడ్చింది. జంబయ్య కూడా కళ్ళు తుడుచుకున్నాడు, ముక్కు మంటకు అని చెప్పాడు. వాగు పొంగడంతో తిరిగి రావడం మాత్రం తారురోడ్డు మీదే అయింది.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. మరుసటి ఏడాది మళ్ళీ సమావేశం జరిగింది. ముందుగంట అందరికన్నా మెల్లగా నడిచేవారికే అని సంఘం తీర్మానించింది. గౌరవం ఎటు పోతే అటు పోయేవాళ్ళు కదా, ఆ మర్నాటి నుంచి అడవంతా కుంటడం మొదలుపెట్టింది. కుందేలు డేకుతూ వచ్చింది. జంబయ్య సమావేశానికి వచ్చేటప్పుడు కుడికాలు కుంటుతాడు, పోయేటప్పుడు ఎడమకాలు కుంటుతాడు. ఎవరిది అసలు కుంటో తేల్చడానికి ఇంకో సంఘం వేశారు.

వాళ్ళు తేల్చుకునే లోపల ఒక తెల్లవారుజామున ముళ్ళవ్వ పాత బాట పట్టింది. చిట్టి వచ్చింది, దాని ముళ్ళు ఇప్పుడు గట్టిపడ్డాయి. మండపాల సంగతి మరిచిపోని భల్లప్ప వచ్చాడు, ఒక తాబేలు వచ్చింది, ఒక చూడి దుప్పి వచ్చింది. ఆమె మొదట అడిగింది నలుగురినే, ఆ నలుగురూ ఇప్పటికి దొరికారు. గంట లేదు. తాబేలు ముందు నడిచింది. మండపాలు వేళకు వచ్చాయి. చీకటి పడకముందే అందరూ ఇల్లు చేరారు.

అప్పటికి జంబయ్య ఇంకా కుంటుతూనే ఉన్నాడు.

నీతి: అందరూ కలిసి గమ్యం చేరాలంటే మెల్లగా నడిచేవారి అడుగే కొలత కావాలి, ముందు నిలబడాలన్న యావతో ముందు నడిస్తే వెనక ఎవరూ మిగలరు.