గరుడవీరుడు దూకిన కాలువ

కర్రసాము నేర్పే అప్పారాయుడుగారికి ఒక అలవాటు. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. "ఊఁ, చూద్దాం" అంటారు, అంతే.

ఒకనాడు భీమశంకరం అడిగాడు: "గురువుగారండీ, సినిమాలో గరుడవీరుడు లోకాన్ని కాపాడుతుంటే జనం చేతులెత్తి మొక్కుతున్నారండి. అలాంటి వీరుణ్ణి అంతగా కొలిచేవాళ్ళకి ఆ ధైర్యం కాస్తయినా అబ్బుతుంది కదండీ?"

"ఊఁ, చూద్దాం" అన్నారాయన.

ఆ వీరుడి కొత్త సినిమా విడుదలైన రోజున ఇద్దరూ కాలువగట్టున ఉన్న సినిమాహాలు మీదుగా వస్తున్నారు. గేటు ముందు ఒక మనిషికి గరుడవీరుడి వేషం కట్టి నిలబెట్టారు. రెక్కలు, ముసుగు, బంగారు రంగు కవచం. అతనితో ఫోటోల కోసం జనం ఎగబడుతున్నారు. గురువుగారు సోడాబండి దగ్గర ఆగిపోయారు గాని, భీమశంకరం ఆగలేక గుంపులోకి దూరాడు. ఆ తోపులాటలో తల్లి చేయి జారి ఒక చంటిపిల్ల కాలువలో పడింది.

అందరూ నీళ్ళకేసి కాదు, ముసుగుకేసి తిరిగారు. "గరుడవీరా! దూకు!" అని ఒకటే కేకలు. ఫోన్లు పైకి లేచాయి. భీమశంకరమూ గొంతు చించుకుని అరిచాడు. వేషగాడు బిత్తరచూపులు చూసి, కళ్ళు మూసుకుని దూకేశాడు.

దూకినవాడు తేలలేదు. ఈలలు మాత్రం ఆగలేదు. కాసేపటికి రెండు చేతులు నీళ్ళ పైకి వచ్చాయి. వాటిలో పిల్ల ఉంది. తల మాత్రం పైకి రాలేదు. ఇంతలో భీమశంకరం పక్కనే ఎవరో దభాలున దూకారు. చూస్తే, డెబ్బై దాటిన గురువుగారు!

ఇద్దరినీ గట్టుకు చేర్చారాయన. పిల్ల కెవ్వుమని ఏడ్చింది. ముసుగు లాగితే లోపల బక్కపల్చటి కుర్రాడు, నీళ్ళు కక్కుతున్నాడు.

"ఈత రాదటయ్యా నీకు?" అన్నారు గురువుగారు.

"యాడొస్తాది సామీ! మాది మడకశిర తట్టు, ఆడ చెరువులన్నీ ఎండిపోయుంటాయి. ఇంతమంది నన్నే దూకమంటాంటే, ఈడ ఎవురికీ ఈత రాదేమో అనుకుంటి."

"ఓస్, ఇంతేనా గరుడవీరుడు!" అన్నారెవరో. ఆట మొదలవుతోందని గంట మోగితే జనం హాల్లోకి పోయారు.

లోపలికి పోతున్నవాళ్ళ మొహాలు భీమశంకరం ఒక్కొక్కటిగా చూశాడు. ఆ గుంపులో సగానికి సగం మంది చిన్నప్పుడు అతనితో కలిసి ఆ కాలువలో ఈదినవాళ్ళే.

గురువుగారు పంచె పిండుకుంటూ అతనివైపు చూశారు.

"మొన్నేదో అడిగావు కదరా. ఏదీ, మళ్ళీ అడుగు."