అవ్వ పాటకి అవ్వే దొంగ

గొలుసుపాలెంలో గురవయ్య ఇంట్లో ఉన్నంత తెలివి ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. ఈ మాట ఊళ్ళో వాళ్ళు అన్నది కాదు, గురవయ్యే అనేవాడు. భార్య కోటమ్మ ఔననేది. బావమరిది పుల్లయ్య తల ఊపేవాడు. ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాక ఇంక కాదనేదెవరు?

అంత తెలివీ తలలోనే ఉంటే మెడ నొప్పి పుడుతుందని గురవయ్య కథల పుస్తకం ఒకటి రాశాడు. అందులో సుబ్బులవ్వ తిరగలి పాట కూడా చేర్చాడు. వీధి చివర జొన్నలు విసురుతూ అవ్వ సొంతంగా కట్టుకున్న పాట అది. ఆమెకి చదువు రాదు, పిల్లాజెల్లా లేరు.

"నేను పోతే ఆ పాట కూడా నాతోనే పోద్దిరా గురవయ్యా. దాన్ని నలుగురి నోట్లో పడెయ్యి, అది చాలు నాకు" అంది అవ్వ. గురవయ్యకి కళ్ళు చెమర్చాయి. ఎలాగైనా ఆ పని చేస్తానని చేతిలో చెయ్యేసి చెప్పాడు.

అచ్చుకి ఇచ్చే ముందు ముగ్గురూ పట్నం వెళ్ళి ప్లీడరు గారిని కలిశారు. పరాయివాళ్ళు కట్టిన పాట అడక్కుండా వేస్తే దొంగతనమని ఆయన చెప్పాడు. కట్టినవాళ్ళు పోయి అరవై ఏళ్ళు దాటితే మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదన్నాడు. ఎక్కడి నుంచి తీసుకున్నారో అది పుస్తకం చివర పెట్టడం మర్యాద అని కూడా అన్నాడు.

ఇంకేముంది, తిన్నగా అవ్వ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు.

"అవ్వా, నువ్వెప్పుడు పోతావు?" అని అడిగాడు గురవయ్య.

అవ్వ చేట కింద పెట్టి ఎందుకని అడిగింది. ఎంత తొందరగా పోతే అరవై ఏళ్ళు అంత తొందరగా మొదలవుతాయని గురవయ్య విడమరిచి చెప్పాడు. పాపం పెద్దావిడ కంగారు పడుతుందేమోనని, కోతలయ్యాక పోయినా ఫరవాలేదని కోటమ్మ సర్ది చెప్పింది. అవ్వ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఉండగానే నన్నడిగితే సరిపోదా? ఇచ్చాను, వేసుకోండి."

గురవయ్య నోరు తెరిచాడు. అన్ని లావుపాటి పుస్తకాలు చదివిన ప్లీడరుకి ఇంత చిన్న ఉపాయం తట్టలేదే అని దారంతా జాలిపడ్డాడు.

ఇక మర్యాద మిగిలింది. పాట ఎక్కడి నుంచి వచ్చింది? తిరగలి దగ్గర్నుంచి. అంతే, అవ్వ తిరగలి ఎత్తి బండిలో వేసుకుని అచ్చాఫీసుకి తీసుకెళ్ళి, కాగితాల కట్ట చివర పెట్టారు. బల్ల విరిగింది. అచ్చాఫీసాయన తల పట్టుకుని, చివర అవ్వ పేరు తానే వేస్తానని బతిమాలి తిరగలిని వెనక్కి పంపాడు.

పుస్తకాలు తయారయ్యాయి. అట్ట మీద అచ్చాఫీసాయన రివాజు ప్రకారం ఒక ముక్క వేశాడు: రచయిత రాతపూర్వక అనుమతి లేకుండా ఈ పుస్తకంలోని ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ వాడరాదు. గురవయ్య రాసిచ్చే ఆ అనుమతి విడి కాగితం మీద ఉంటే ఎలుకలు కొట్టేస్తాయని కోటమ్మ ముందే ఆలోచించి, దాన్ని పుస్తకం లోపలే అచ్చు వేయించింది. ఆ ముందుచూపుకి గురవయ్య మురిసిపోయాడు.

సుబ్బులవ్వ కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంది, పాట చదవమంది. గురవయ్య అట్ట చూసి ఆగిపోయాడు. అనుమతి లేనిదే పుస్తకం తెరవకూడదు. అనుమతేమో పుస్తకంలో ఉంది. పోనీ ఇంకో అనుమతి రాసివ్వమంది అవ్వ. "మొదటిదాన్ని చూసి రెండోది రాస్తే కాపీ కొట్టినట్టు కాదూ?" అన్నాడు పుల్లయ్య. పుస్తకాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశారు.

అవ్వ ముఖం చిన్నబోయింది. ఇంటికి పోయి తిరగలి ముందు కూర్చుని, "తిరుగవే తిరగలీ, తెల్లగా రాలవే జొన్నపిండీ" అని ఎత్తుకుంది.

గురవయ్య పరుగున వచ్చాడు. "అవ్వా, ఆపు. అది అచ్చయిన పాట. దొంగతనం."

"నా పాటేరా అది."

"అదే కదా. నీ పాట ఎవరో పాడేస్తుంటే నేను చూస్తూ ఊరుకుంటానా?"

అంతే, అవ్వ మీద కేసు పెట్టడానికి అవ్వని బండెక్కించారు. ఆ పాట అవ్వదేనని చెప్పడానికి సాక్షి కావాలి కాబట్టి, సాక్షిగా కూడా అవ్వనే ఎక్కించారు. పట్నం దాకా ప్రతి ఊళ్ళోనూ గురవయ్య బండి ఆపి, జనాన్ని పోగేసి, ఈవిడ ఏం దొంగిలించిందో చెవులారా వినమని అవ్వ చేత పాడించాడు. అవ్వకి హుషారొచ్చింది. చరణాల మీద చరణాలు పాడింది. నాట్లేసే ఆడవాళ్ళు అందుకున్నారు. చెరువులో గేదెల్ని కడిగేవాళ్ళు అందుకున్నారు. బండి వెనకాల ఊళ్ళకి ఊళ్ళు దొంగలైపోతున్నాయి.

"ఇంతమందిని జైల్లో ఎక్కడ పెడతార్రా?" అని గురవయ్య లబలబలాడాడు. అవ్వ మాత్రం బోసినోటితో నవ్వుతూ వెనక్కి చూస్తూ కూర్చుంది.

ప్లీడరు గారి వాకిట్లో బండి ఆగింది. ఇంతకీ ఆ పాట ఏమిటని ఆయన అడిగాడు. గురవయ్య గొంతు సవరించుకుని మొదటి నుంచి చివరి దాకా రాగం తీసి పాడాడు. పాట అయ్యాక పుల్లయ్య వంక చూశాడు, కోటమ్మ వంక చూశాడు.

ఇంకేముంది, నేరం అర్థమైంది. అక్కడే కూలబడి, రెండు చేతులూ ప్లీడరు ముందుకి చాపాడు.

"నాతో పాటు తమరి చెవుల్ని కూడా కట్టెయ్యండి బాబూ" అన్నాడు. "దొంగసొత్తు వాటిల్లోనే ఉంది."